లువార్ లోయలో నాలుగు రోజులు: ఒకే రాయి నుంచి కోట, వైన్, భోజనం

ఫ్రాన్స్ నదులన్నిటిలో పొడవైన లువార్ ఆ దేశపు దక్షిణ భాగంలోని ఆర్దెష్ కొండల్లో పుట్టి, మొదట ఉత్తరంగా సాగి, ఆర్లేయాన్ పట్టణం దగ్గర పడమటికి మళ్లి, మొత్తం మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి అట్లాంటిక్ మహాసముద్రంలో కలుస్తుంది. ఎండాకాలంలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు, లంకలు బయటపడే ఈ నదిని, వరద రోజుల్లో ఊళ్లను కాపాడేందుకు శతాబ్దాల క్రితమే కట్టిన కరకట్టలను, ఆ కట్టల మీద సాగే రోడ్లను చూసినప్పుడు గోదావరి ఒడ్డున పెరిగినవారికి పరిచయమైన దృశ్యంలాగానే అనిపిస్తుంది. నది పడమటికి తిరిగాక వచ్చే మధ్య భాగాన్ని, సుల్లీ నుంచి షలోన్ వరకు దాదాపు 280 కిలోమీటర్ల పొడవున, యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పారిస్ వెళ్లిన తెలుగు పర్యాటకుల్లో చాలామంది ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం చూసుకుని స్విట్జర్లాండ్ దారి పడతారు. వేగంగా నడిచే రైల్లో గంటంబావు ప్రయాణం చేస్తే చేరగలిగే ఈ లోయకు మూడు నాలుగు రోజులు కేటాయించగలిగినవారు మాత్రం ఫ్రాన్స్ దేశపు రాజకీయ చరిత్రను, వ్యవసాయాన్ని, వంటను ఒకేచోట చూడగలుగుతారు.

ప్రయాణ సంస్థల కరపత్రాల్లో కోటలు ఒక పేజీలో, ద్రాక్షతోటలు మరొక పేజీలో, భోజనం ఇంకొక పేజీలో కనిపిస్తాయి కాబట్టి అవి మూడూ వేర్వేరు ఆకర్షణలన్న అభిప్రాయం కలుగుతుంది. నిజానికి ఆ మూడింటికీ మూలం ఒకే రాయి. దాని పేరు తుఫో. సుమారు తొమ్మిది కోట్ల సంవత్సరాల కిందట ఈ ప్రాంతాన్ని కప్పిన వెచ్చని సముద్రపు అడుగున పేరుకుని గట్టిపడిన తెల్లని మెత్తటి సున్నపురాయి ఇది. దీని పరిమాణంలో దాదాపు సగం కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలే కావడం వల్ల తేలికగా ఉంటుంది, రంపంతో కోయడానికి లొంగుతుంది, ఉలి చివరతో ఆకులను, పువ్వులను, రాజముద్రలను చెక్కడానికి అనువుగా ఉంటుంది, గనిలోంచి తీశాక ఆరేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. ఈ రాయిని పడవల్లో ఎక్కించి నది మీదుగా తరలించి కోటలు కట్టారు. రాయి తీసిన చోట కొండ కడుపులో కిలోమీటర్ల కొద్దీ ఏర్పడిన గుహల్లో ఆ తర్వాతి తరాలు వైన్ నిల్వ చేశాయి, పుట్టగొడుగులు పెంచాయి, ఇళ్లు కట్టుకుని కాపురాలు చేశాయి. అదే రాతి పొర మీద ద్రాక్ష తీగలు వేళ్లు దించుకున్నాయి. లోయలో ఏది చూస్తున్నా ఈ సంబంధాన్ని మనసులో ఉంచుకుంటే చూసినవి విడివిడి జ్ఞాపకాలుగా మిగిలిపోవు.

రాజధాని పారిస్ అయినప్పుడు ఇన్ని రాజభవనాలు ఇక్కడెందుకు వెలిశాయన్న ప్రశ్న సహజమైనది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజవంశాల మధ్య సాగిన శతవర్ష యుద్ధంలో పారిస్ శత్రువుల చేతికి చిక్కడంతో, తర్వాత ఏడవ చార్లెస్‌గా పట్టాభిషేకం పొందిన యువరాజు లువార్‌కు దక్షిణాన తలదాచుకున్నాడు. 1429లో పల్లెటూరి పడుచు జోన్ ఆఫ్ ఆర్క్ వచ్చి అతన్ని కలిసినది ఈ లోయలోని షినోన్ దుర్గంలోనే. యుద్ధం ముగిసినా రాజులు వెంటనే పారిస్‌కు తిరిగి వెళ్లలేదు. వేటకు అడవులు, ప్రయాణానికి నది, భవనాలకు రాయి అన్నీ చేతికందే దూరంలో ఉన్న ఈ ప్రాంతంలోనే దాదాపు వందేళ్లు కొలువు తీర్చారు. రాజు ఉన్నచోటే మంత్రులు, ఖజానా అధికారులు ఉంటారు కాబట్టి వాళ్లూ భవనాలు కట్టుకున్నారు. 1528లో మొదటి ఫ్రాన్స్వా తన నివాసం ఇకపై పారిస్ పరిసరాల్లోనే అని ప్రకటించడంతో ఆ దశ ముగిసింది.

ఈ భవనాలను ఫ్రెంచివారు ‘షాతో’ అంటారు. తెలుగులో దానికి కోట అన్న మాట వాడుతున్నా, అది రెండు రకాల కట్టడాలకు వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. షినోన్, ఆంజే వంటివి గోల్కొండలాగా శత్రువును ఆపడానికి కట్టిన దుర్గాలు. షాంబోర్, షెనోన్సో వంటివి చంద్రగిరి రాజమహల్ లాగా నివాసానికి, వైభవానికి కట్టిన నగరులు. ఫిరంగులు వచ్చి ఎత్తైన గోడలకు విలువ తగ్గిన కాలంలో కందకం అలంకారంగా, బురుజు మెట్ల గదిగా, బాణాలు వేసే సన్నని రంధ్రం వెడల్పైన కిటికీగా మారిన క్రమాన్ని ఈ లోయలో కళ్లారా చూడవచ్చు. బ్లువా పట్టణంలోని కోటలో ఒకే ప్రాంగణం చుట్టూ వేర్వేరు శతాబ్దాలకు చెందిన నాలుగు భాగాలు నిలిచి ఉండటం వల్ల, ఆ మార్పు మొత్తం ఒక్కచోట నిలబడి తల తిప్పి చూసినంత మాత్రానే అర్థమవుతుంది.

మార్పుకు దారి తీసిన సంఘటనల్లో ముఖ్యమైనది 1494లో ఎనిమిదవ చార్లెస్ ఇటలీ మీదికి చేసిన దండయాత్ర. ఆ యుద్ధంలో శాశ్వతంగా దక్కిన భూభాగమేమీ లేదు గాని, ఇటలీ భవనాలను, తోటలను చూసి ముగ్ధుడైన రాజు అక్కడి శిల్పులను, తోటపని నిపుణులను వెంటబెట్టుకుని తన జన్మస్థలమైన అంబువాజ్‌కు తిరిగి వచ్చాడు. ఆ పనులు పూర్తికాకుండానే, 1498లో, అదే కోటలో ఒక తలుపు గుమ్మానికి తల కొట్టుకుని కొద్ది గంటల్లోనే మరణించాడు. 1516లో మొదటి ఫ్రాన్స్వా ఆహ్వానం మీద లియొనార్డో డా విన్సీ తన అరవైల వయసులో ఆల్ప్స్ పర్వతాలు దాటి అంబువాజ్ చేరి, కోటకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న క్లో లూసే అనే ఎర్ర ఇటుకల ఇంట్లో చివరి మూడేళ్లు గడిపాడు. ఇప్పుడు లూవ్ర్‌లో ఉన్న మోనాలిసా చిత్రం ఫ్రాన్స్‌కు వచ్చినది ఆయన సామానుతోనే. 1519 మే 2న ఆయన అక్కడే కన్నుమూశాడు. కోట ఆవరణలోని చిన్న ప్రార్థనాలయంలో ఆయనవని భావిస్తున్న అవశేషాలను ఖననం చేసిన సమాధి ఉంది.

అదే 1519లో షాంబోర్ నిర్మాణం మొదలైంది. రాజు వేటకు వచ్చినప్పుడు దిగడానికని మొదలుపెట్టిన ఈ భవనంలో 400కు పైగా గదులు, 280కి పైగా పొయ్యిలు ఉన్నాయి. చుట్టూ 32 కిలోమీటర్ల ప్రహరీ గోడ, దాని లోపల పారిస్ నగరంలో దాదాపు సగమంత అడవి ఉన్నాయి. ఇంతా చేసి ఫ్రాన్స్వా తన 32 ఏళ్ల పాలనలో ఇక్కడ గడిపినది రెండున్నర నెలలకు మించదు. ఈ భవనానికి గుండెకాయ వంటిది నడిమధ్యన ఉన్న జంట మెట్ల వరుస. బోలుగా ఉన్న ఒక రాతి స్తంభం చుట్టూ రెండు మెట్ల దారులు ఒకదానిపై ఒకటి మెలికలు తిరుగుతూ పైకి సాగుతాయి. ఒకరు ఒక దారిన ఎక్కుతూ, మరొకరు రెండో దారిన దిగుతూ ఉంటే మధ్య స్తంభంలోని కిటికీల్లోంచి ఒకరికొకరు కనిపిస్తారు గాని ఎక్కడా ఎదురుపడరు. లియొనార్డో నోటు పుస్తకాల్లో ఇటువంటి మెట్ల ఊహా చిత్రాలు ఉండటం వల్ల ఈ ఆలోచన ఆయనదేనని చాలామంది నమ్ముతారు. అయితే దానిని నిర్ధారించే పత్రం ఏదీ దొరకలేదు.

మెట్లు ఎక్కి పైకప్పు మీదికి చేరినవారు ఒక చిన్న విషయాన్ని దగ్గరగా గమనించడం అవసరం. అక్కడ గుంపులుగా నిలిచిన పొగగొట్టాల మీద, గోపురాల మీద తెల్లని తుఫోలో నల్లని వృత్తాలు, డైమండు ఆకారాలు పొదిగి కనిపిస్తాయి. కింది నుంచి చూస్తే అవి ఇటలీ కట్టడాల్లోని నల్ల పాలరాయి అనిపిస్తాయి గాని, నిజానికి అవి పలకరాయి ముక్కలు, అంటే ఈ ప్రాంతంలో ఇళ్ల కప్పులకు వాడే మామూలు రాయి. ఇటలీ వైభవాన్ని కోరిన రాజుకు లువార్ పనివారు తమ చేతిలో ఉన్న రెండు రాళ్లతోనే దానిని సృష్టించి ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన 1939లో లూవ్ర్ మ్యూజియం కళాఖండాలను పెట్టెల్లో సర్ది మొదట తరలించినది ఈ భవనానికే. మోనాలిసా కూడా కొద్ది కాలం ఇక్కడ తలదాచుకుంది.

షాంబోర్ ఆశ్చర్యపరుస్తుంది, షెనోన్సో మనసును కట్టిపడేస్తుంది. లువార్‌కు ఉపనది అయిన షేర్ మీద, ఒక పాత నీటి మిల్లు పునాదులపై, రాజు ఖజానా అధికారి తొమా బోయియే 1513 నుంచి ఈ భవనాన్ని కట్టించాడు. ఆయన ఎక్కువ కాలం యుద్ధాల్లో ఉండటం వల్ల పనులను దగ్గరుండి నడిపించినది భార్య కాథరీన్ బ్రిసోనే. తర్వాత భవనం రాజు ఆధీనంలోకి వెళ్లగా, 1547లో రెండవ హెన్రీ దానిని తన ప్రియురాలు డయాన్ ద పువాతియేకు కానుకగా ఇచ్చాడు; నదికి అడ్డంగా వంతెన కట్టించినది ఆమె. 1559లో ఒక వినోద యుద్ధ క్రీడలో గాయపడి హెన్రీ మరణించగానే, రాణి కాథరీన్ ద మెడిచి ఆమె నుంచి షెనోన్సోను తీసుకుని బదులుగా షోమోన్ కోటను ఇచ్చింది. డయాన్ కట్టించిన వంతెన మీదే 60 మీటర్ల పొడవైన విశాలమైన హాలును కాథరీన్ నిర్మింపజేసింది. భార్యకూ ప్రియురాలికీ మధ్య నలిగిన ఒక వివాహపు చరిత్ర మొత్తం అలా ఒకే కట్టడంలో అంతస్తులుగా నిలిచి ఉంది.

ఆ హాలు నేలను చూడకుండా ఎవరూ ముందుకు సాగకూడదు. నలుపు, తెలుపు గడుల చదరంగం పలకలా ఉండే ఆ నేలలో తెలుపు తుఫో, నలుపు పలకరాయి. షాంబోర్ పైకప్పు మీద పాలరాయిగా నటించిన రెండు రాళ్లే ఇక్కడ రాణి విందులకు వేదిక అయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అప్పటి యజమాని గాస్తోన్ మెనియే ఈ హాలును తన సొంత ఖర్చుతో సైనిక ఆసుపత్రిగా మార్చగా, రెండు వేలమందికి పైగా క్షతగాత్రులు ఇక్కడ చికిత్స పొందారు. రెండో యుద్ధంలో జర్మనీ ఆక్రమించిన ప్రాంతానికీ, ఆక్రమించని ప్రాంతానికీ మధ్య షేర్ నదే సరిహద్దు అయింది. భవనం ముందు వాకిలి ఒక వైపున, హాలు చివరి తలుపు రెండో వైపున ఉండటం వల్ల ఆ తలుపు కొందరికి ప్రాణాలు దక్కించుకునే దారి అయింది. ఆడంబరం కోసం కట్టిన గది ఇంతగా మనుషులకు అక్కరకు రావడం కోటల చరిత్రలో అరుదు.

మిగిలిన కోటల్లో ఆంద్ర్ నది నీటిలో తన నీడను తాను చూసుకునే అజే-ల-రిదో, తోటల కోసమే చూడదగిన విలాండ్రి ప్రత్యేకమైనవి. విలాండ్రిని 1906లో కొన్న స్పెయిన్ దేశపు వైద్యుడు జొవాకిమ్ కార్వాల్లో, ఆయన భార్య అమెరికా వనిత ఆన్ కోల్మన్, పాత పద్ధతిలో తొమ్మిది చదరాల కూరగాయల తోటను తిరిగి వేయించారు. కాబేజీ, బీట్‌రూట్, ఉల్లి, వంగ వంటి మామూలు కూరగాయలను ఆకుల రంగును బట్టి పూలమొక్కల్లా నాటి, ఏటా రెండుసార్లు మార్చే ఆ తోట, వంటింటికి సంబంధించినదేదీ అందానికి తక్కువ కాదని చూపిస్తుంది.

రాయి తీసిన గుహల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే తూర్ నగరానికి దగ్గర్లో నది ఉత్తరపు ఒడ్డున ఉన్న వూవ్రే గ్రామానికి వెళ్లాలి. అక్కడ కొండ చరియ నిట్టనిలువుగా తెల్లగా కనిపిస్తుంది. చరియలోకే తలుపులు, కిటికీలు పెట్టి ఉంటాయి. కొండ మీది గడ్డిలోంచి పొగగొట్టాలు పైకి లేచి ఉంటాయి. లోపలికి వెళితే బయట వేసవి మండుతున్నా, చలికాలం కొరుకుతున్నా, గుహలో ఏడాది పొడవునా దాదాపు 12 డిగ్రీల ఉష్ణోగ్రతే ఉంటుంది. వైన్ సీసాల్లో నెమ్మదిగా పరిపక్వం కావడానికి ఏ యంత్రమూ లేకుండా ప్రకృతి అమర్చిన చల్లని గది అది. గుహ కప్పుకు పైన కొండ నడినెత్తిన ద్రాక్షతోట ఉంటుంది. పైన తీగ, నడుమ రాయి, లోపల సీసా, కింద ఊరు. వాన నీటిని స్పాంజిలా పీల్చుకుని పొడి నెలల్లో నెమ్మదిగా వేళ్లకు వదిలే గుణం తుఫోకు ఉండటం వల్ల తీగలు ఎండకు తట్టుకుంటాయి.

హైదరాబాద్ పరిసరాల్లో అనాబ్-ఎ-షాహీ తోటలను చూసినవారికి ఇక్కడి తోటలు మొదట నిరుత్సాహం కలిగించవచ్చు. అక్కడ తీగలు తలపై పందిరిగా అల్లుకుని గుత్తులు వేలాడతాయి. ఇక్కడ నడుము ఎత్తుకు మించని తీగలు తీగకంబీలకు కట్టి వరుసలుగా నిలబడతాయి. తినే ద్రాక్ష పెద్దది, పలుచని తోలు గలది. వైన్ ద్రాక్ష చిన్నది, మందమైన తోలు, గింజలు గలది. ఎందుకంటే రంగు, వగరు, వాసన చాలావరకు తోలులోనే ఉంటాయి. వూవ్రేలో పండించేది షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. ఇది వసంతంలో తొందరగా చిగురిస్తుంది, శరత్కాలంలో ఆలస్యంగా పండుతుంది. అందువల్ల ఏప్రిల్ మంచు చిగుళ్లను మాడ్చే ప్రమాదం రైతుకు ఏటా తప్పదు. మంచు పడే రాత్రుల్లో వరుసల మధ్య మైనపు దీపాలు వెలిగించి, గాలి మరలు తిప్పి పంటను కాపాడుకుంటారు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన మంచు ఫ్రాన్స్‌లోని ద్రాక్ష రైతులను తీవ్రంగా దెబ్బతీసింది. ఇదే షెనిన్ బ్లాంక్‌ను ఇప్పుడు గోదావరి పుట్టినచోటికి దగ్గరలో, నాసిక్ తోటల్లో కూడా పెంచి వైన్ తీస్తున్నారు. లువార్ ఒడ్డు ద్రాక్ష గోదావరి నీటితో పెరుగుతోందన్నది తెలుగువారు తెలుసుకోదగిన విషయం.

షెనిన్‌కు సహజమైన పులుపు ఎక్కువ. చల్లని ఏడాదిలో ఆ పులుపు నురగలు కక్కే వైన్‌కు అక్కరకు వస్తుంది. ఎండ నిలిచిన ఏడాదిలో గుత్తులను తీగ మీదే వాడనిచ్చి తియ్యని వైన్ తీస్తారు. అందుకే ఒకే గ్రామం పేరున్న సీసాల మీద ‘సెక్’ అంటే తీపి లేనిది, ‘దెమీ-సెక్’ అంటే కొద్దిగా తీపి గలది, ‘మొయల్లో’ అంటే తియ్యనిది అన్న మాటలు కనిపిస్తాయి. వాటిని చదవడం వస్తే కొనేటప్పుడు పొరపాటు జరగదు. పులుపు అండగా ఉండటం వల్ల మంచి ఏడాదిలో తీసిన తియ్యని వూవ్రే దశాబ్దాల తరబడి చెడకుండా నిలుస్తుంది.

సీసా మీద ద్రాక్ష పేరు కంటే ఊరి పేరు పెద్దదిగా ఉండటానికి ఒక చట్టం కారణం. పందొమ్మిదో శతాబ్దం రెండో భాగంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేళ్లను తినేసి ఫ్రాన్స్ తోటలను నాశనం చేసింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి మొదళ్ల మీద ఫ్రెంచి తీగలను అంటు కట్టి రైతులు కోలుకున్నారు గాని, ఆ కొరత కాలంలో కల్తీ వైన్ విపరీతంగా పెరిగింది. దాన్ని అరికట్టేందుకు చాలాకాలం సాగిన ప్రయత్నాల ఫలితంగా 1935లో ‘నియంత్రిత మూలస్థాన నామం’ అనే వ్యవస్థ వచ్చింది. ఒక ఊరి పేరు వాడుకోవాలంటే ఏ నేలలో, ఏ రకం ద్రాక్షను, హెక్టారుకు ఎంత దిగుబడి మించకుండా, ఎలా పండించాలో అది నిర్దేశిస్తుంది. వూవ్రేకు ఆ గుర్తింపు మరుసటి ఏడే వచ్చింది. బంగినపల్లి మామిడికి, తిరుపతి లడ్డూకు లభించిన భౌగోళిక గుర్తింపు ఈ ఆలోచనకు దగ్గరి చుట్టమే. నేల, వాలు, గాలి, పండించే అలవాటు కలిసి పంటకు ఇచ్చే ప్రత్యేకతను ఫ్రెంచివారు ‘తెర్వార్’ అంటారు.

వైన్ తాగనివారికి ఈ గుహల్లో పని లేదనుకోవడం సరికాదు. చిన్న తోటల యజమానులు స్వయంగా గుహ తిప్పి చూపించి, గ్లాసు అడుగున కొద్దిగా పోసి రుచి చూపిస్తారు. ఒక్క గుక్క పుక్కిలించి అక్కడున్న పాత్రలో ఉమ్మివేయడం మర్యాదకు భంగం కాదు, వృత్తి నిపుణులు చేసేది అదే. ముందుగా ఫోన్ చేసి వేళ అడిగి వెళ్లడం పద్ధతి. కారు నడిపేవారు మాత్రం రుచి చూడటం మానుకోవాలి. ఫ్రాన్స్‌లో లీటరు రక్తంలో 0.5 గ్రాము ఆల్కహాల్ దాటితే నేరం, కొత్తగా లైసెన్సు పొందినవారికి ఆ పరిమితి 0.2 గ్రాము మాత్రమే.

లోయలో పడమటి దిక్కున షినోన్, బూర్గెయ్ ఊళ్లలో కబెర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్షతో ఎర్ర వైన్ తీస్తారు. పదహారో శతాబ్దపు రచయిత రబ్లే పుట్టి పెరిగినది షినోన్ పక్కనే. ఆయన ‘గార్గాంట్యువా’ గ్రంథంలో ఒక పెద్ద యుద్ధం ‘ఫువాస్’ అనే రొట్టెల అమ్మకం దగ్గర వచ్చిన తగాదాతో మొదలవుతుంది. ఆ రొట్టెకు వారసత్వంగా వచ్చిన ‘ఫువే’ ఇప్పటికీ సోమ్యూర్ దగ్గర గుహల్లోని భోజనశాలల్లో దొరుకుతుంది. పిండి ముద్దను అరచేతి వెడల్పున ఒత్తి కట్టెల పొయ్యిలోకి తోస్తే నిమిషంలో పూరీలా పొంగుతుంది. వేడివేడిగా చీల్చి వెల్లుల్లి వెన్న, ఉడికించిన తెల్ల చిక్కుడు గింజలు, పుట్టగొడుగులు లేదా మాంసం కూరి తింటారు. పొయ్యి తగినంత కాగిందో లేదో చూసుకోవడానికి రొట్టెలవారు ముందుగా వేసే చిన్న ముద్దే ఈ వంటకంగా మారిందని చెబుతారు.

ఆ పుట్టగొడుగులూ గుహల పంటే. మన సూపర్ మార్కెట్లలో బటన్ మష్రూమ్ పేరుతో అమ్మేదాన్ని ఫ్రెంచివారు పారిస్ పుట్టగొడుగు అంటారు. ఒకప్పుడు పారిస్ కింద ఉన్న రాతి గనుల్లో సాగిన ఆ పెంపకం పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి సోమ్యూర్ పరిసరాల్లో ఖాళీగా ఉన్న తుఫో గనుల్లోకి తరలింది. రివారెన్ గ్రామంలో బేరి పండ్లను తొక్క తీసి, రోజుల తరబడి కట్టెల పొయ్యిలో ఆరబెట్టి, చెక్క పరికరంతో నొక్కి పలచగా చేసి దాచి, కావలసినప్పుడు వైన్‌లో నానబెట్టి తింటారు. ఒకనాడు ఓడల మీద దూర ప్రయాణాలకు వెళ్లే సరుకు ఇది. మాంసాహారుల ఇళ్లలో ‘రియెత్’ తప్పనిసరి. పంది మాంసాన్ని దాని కొవ్వులోనే గంటల తరబడి సన్నని మంట మీద ఉడికించి, పీచు పీచుగా విడదీసి జాడీలో నింపుతారు. ఆవకాయ జాడీలో పైన తేలిన నూనెలాగా, పైన గడ్డకట్టిన కొవ్వు పొర గాలి తగలకుండా దాన్ని కాపాడుతుంది.

ఈ లోయ వంటకు ప్రాణం మాత్రం మేక పాల చీజ్. ఎనిమిదో శతాబ్దంలో పువాతియే దగ్గర ఓడి వెనుదిరిగిన అరబ్బు సైన్యాలు వదిలిన మేకలతోనే ఇది మొదలైందన్నది స్థానికులు ఇష్టంగా చెప్పుకునే కథ. గుర్తింపు పొందిన రకాలు ఈ కొద్దిపాటి ప్రాంతంలోనే అయిదు ఉన్నాయి. వాలాన్సే శిఖరం కోసేసిన పిరమిడ్‌లా, సెల్-స్యూర్-షేర్ గుండ్రని బిళ్లలా ఉంటుంది. సాంత్-మోర్ ద తురెన్‌ను ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూడాలి. జానెడు పొడవున్న ఆ చీజ్ కడ్డీకి ఉప్పు కలిపిన బొగ్గు పొడి పూయడం వల్ల బయట బూడిద రంగులో, లోపల సున్నంలా తెల్లగా ఉంటుంది. నిలువునా మధ్యలోంచి ఒక గడ్డి పుల్ల దూర్చి ఉంటుంది. అది రై పంట గడ్డి. మెత్తగా ఉన్నప్పుడు కడ్డీ విరగకుండా పట్టి ఉంచడానికి, లోపలికి కాస్త గాలి ఆడటానికి దాన్ని పెడతారు. పుల్లను బయటకు లాగి చూస్తే దాని మీద చీజ్ పేరు, తయారీదారు గుర్తింపు సంఖ్య సన్నని అక్షరాల్లో చెక్కి ఉంటాయి. అది లేనిది అసలైన సాంత్-మోర్ కాదు. పది రోజుల చీజ్ పెరుగులా పుల్లగా, నెల దాటినది గట్టిపడి గింజల వాసనతో ఉంటుంది; పక్కన తీపి లేని వూవ్రే గ్లాసు పెట్టుకుంటే ఒకే నేల నుంచి వచ్చిన రెండు రుచులు ఒకదానినొకటి ఎలా నిలబెడతాయో తెలుస్తుంది.

ఫ్రెంచి భోజనం ఒక క్రమంలో సాగుతుంది: మొదట చిన్న వంటకం, తర్వాత ప్రధాన వంటకం, దాని తర్వాత చీజ్, చివర తీపి. కలిసి కూర్చుని తినే ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2010లో అమూర్త వారసత్వంగా గుర్తించింది. శాకాహారులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. సంప్రదాయ చీజ్‌లలో పాలను విరిచే రెనెట్ సాధారణంగా దూడ కడుపు నుంచి తీసినది. కూరగాయల సూపుల్లో మాంసపు రసం కలిసి ఉండవచ్చు. గుడ్డు, పాలు తీసుకునేవారికి ఇబ్బంది తక్కువ: సొలోన్య్ అడవి ప్రాంతపు ఆస్పరాగస్, బెర్రీ ప్రాంతపు పచ్చ పప్పుధాన్యం, పుట్టగొడుగులు, లామోత్-బెవ్రోన్‌లో హోటల్ నడిపిన తాతాన్ అక్కచెల్లెళ్ల పేరుతో ప్రసిద్ధమైన, కారమెల్‌లో మగ్గిన యాపిల్ ముక్కలను తలకిందులుగా వడ్డించే ‘తార్త్ తాతాన్’ వారికి చక్కని భోజనమే. భోజనశాలలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి వరకు, తిరిగి రాత్రి ఏడున్నర నుంచే తెరుస్తాయి. నాలుగింటికి ఆకలేస్తే రొట్టెల దుకాణమే గతి.

ఏ కాలంలో వెళ్లాలన్న ప్రశ్నకు మే, జూన్, సెప్టెంబర్ నెలలన్నదే సరైన సమాధానం. జులై, ఆగస్టుల్లో జంట మెట్ల దగ్గర కూడా వరుసలో నిలబడాల్సి వస్తుంది. పారిస్‌లోని మోన్‌పర్నాస్ స్టేషన్ నుంచి వేగపు రైలులో తూర్ చేరి, అక్కడ గాని అంబువాజ్‌లో గాని ఒకే గదిలో మూడు రాత్రులు ఉండటం మేలు. అంబువాజ్‌కు, షెనోన్సోకు, బ్లువాకు తూర్ నుంచి స్థానిక రైళ్లున్నాయి. షాంబోర్‌కు, విలాండ్రికి కారు లేదా బస్సు కావాలి. నది వెంట వందల కిలోమీటర్ల పొడవున వేసిన సైకిల్ బాట ఉంది కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య సైకిల్ అద్దెకు తీసుకోవచ్చు. రోజుకు మూడు నాలుగు కోటలు చూపించే బస్సు యాత్రలకు ఆశపడకూడదు. మూడో కోట దగ్గరికి చేరేసరికి మొదటి కోట గుర్తుండదు. పొద్దున ఒక కోట, మధ్యాహ్నం తీరికగా భోజనం, సాయంత్రం ఒక గుహ అన్నంత వరకే పెట్టుకుంటే ఈ లోయ తన సంగతులు తానే చెబుతుంది.

ప్రయాణం చివరి రోజు ఆదివారం అయ్యేలా చూసుకోవాలి. ఆ ఉదయం అంబువాజ్‌లో నది ఒడ్డున సంత జరుగుతుంది; మేకల రైతులు తమ చీజ్‌లను, తోటల వారు తమ సీసాలను తామే తెచ్చి అమ్ముతారు. మధ్యాహ్నం భోజనం వేళకల్లా బల్లలు సర్దేస్తారు కాబట్టి తొమ్మిదింటికే వెళ్లడం మంచిది.